ముప్పై ఎనిమిది కిలోల మా అక్క

మా అక్కది మొదటినుంచీ తేలిక శరీరం. పదిహేడో ఏట మేనత్త కొడుక్కే ఇచ్చి నగరిలో పెళ్లి చేశారు. అప్పటికి ఆమె బరువు ముప్పై తొమ్మిది కిలోలు. ఇద్దరు బిడ్డలు పుట్టాక నలభై ఒకటి. తిరుపతిలో పేపరు ఆఫీసులో పనిచేసే నేను సెలవు రోజున వెళ్లినప్పుడల్లా బావ ఏదో ఒకటి అనేవాడు.

"ఏమప్పా పేపరాయనా, మీ అక్కను నూలు తూకం కాడ కూర్చోబెట్టుకుంటా ఉండా. తక్కెడ ఒక పక్కకి మొగ్గకుండా పాసంగానికి బాగా పనికొస్తాది."

"నన్ను పాసంగానికి పెట్టుకున్నావు కాబట్టే నీ తూకం సరిగ్గా ఉండాది," అనేది అక్క, రాట్నం తిప్పడం ఆపకుండానే.

బావ వాళ్లది నేత ఇల్లు. ముందు గదిలో రెండు మగ్గాలు. ఒకదాని మీద బావ, ఇంకొకదాని మీద కూలికి వచ్చే మనిషి నేసేవారు. ఆ రెండింటికీ రాట్నం మీద నూలు కండెలు చుట్టి ఇవ్వడం అక్క పని. ఆమె చెయ్యి ఆగితే పూట తిరక్కుండా మగ్గాలు రెండూ ఆగిపోయేవి. పక్క వీధుల్లో పవర్‌లూములు వచ్చి రోజంతా టకటకమంటున్న కాలం అది. చేతి మగ్గం మీద బతికేవాళ్లకు ఒక్క రోజు పని పోయినా కష్టంగా ఉండేది.

ఆ ఇంట్లో మగ్గమే దేవుడు. బయట చేరిన ఆడమనిషి మగ్గం ఉన్న గదిలోకి రాకూడదు, నూలు ముట్టకూడదు. మూడు రోజులు వసారాలో చాప మీద ఉండి, నాలుగో రోజు తలకు పోసుకుని లోపలికి రావాలి. అన్ని నేత ఇళ్లలోనూ అంత పట్టింపు లేదు. మా మేనత్తకు ఉండేది. అలాగని ఆమె కఠినురాలు కాదు. కోడలికి వేడివేడిగా అన్నం కలిపి తెచ్చి పెట్టి, తానూ వసారాలోనే కాస్త ఎడంగా కూర్చుని కబుర్లు చెప్పేది. పట్టింపు పట్టింపే, ప్రేమ ప్రేమే.

రెండో కాన్పు అయిన కొన్నేళ్లకు అక్కకు ఆ మూడు రోజులు ఐదయ్యాయి, తర్వాత పది, పన్నెండు అయ్యాయి. నెలలో దాదాపు సగం రోజులు వసారాలోనే. మనిషి తెల్లగా పాలిపోయింది. మేనత్తే రాట్నం ముందు కూర్చుంది కానీ, చూపు ఆనక కండె కండెకీ దారం తెగేది. నేను వెళ్లిన ఒక ఆదివారం ఆమె నన్ను పక్కకు పిలిచింది.

"పేపర్లో ఉండావు గదరా, నీకు డాక్టర్లంతా తెలుసు. ఎవరన్నా మంచి డాక్టరమ్మకు సూపించి ఆ సంచి తీపించేయి. ఈ వీధిలో నలుగురు తీపించుకున్నారు. రాయి మాదిరి తిరగతా ఉండారు."

"ముందు మందులేమన్నా ఇస్తారేమో అడుగుతా అత్తా," అన్నాను.

"మందులు మింగతా ఎన్నాళ్లు వసారాలో కూసుండేది అది? సూడలేకుండా ఉండాను నేను," అంది.

అక్కను అడిగితే ఆమెదీ అదే మాట. ఆమెకు అప్పుడు ముప్పై ఒకటి.

తొంభైల మొదట్లో నేను జిల్లా డెస్కులో ఉప సంపాదకుణ్ణి. అంతకు ముందు విలేకరిగా తిరిగిన రోజుల్లో ఒక ఊళ్లో ఒక నర్సింగ్‌హోమ్ వాళ్లతో పరిచయం ఉండేది. ఆ ఊరి పేరు, వాళ్ల పేరు ఇక్కడ అవసరం లేదు. నేను ఫోన్ చేస్తే మర్యాదగా రమ్మన్నారు. డాక్టరమ్మ అక్కను ఐదు నిమిషాలు చూసింది.

"ఇద్దరు పిల్లలున్నారు కదా. ఇంక దీనితో ఏం పని? తీసేస్తే పీడ విరగడైపోతుంది," అంది.

ఆ రోజుల్లో అందరూ మాట్లాడే మాటే అది. వినడానికి ధైర్యంగా ఉండేది. నేను తల ఊపాను. మరుసటి వారమే ఆపరేషన్ అయింది. బయటికి వచ్చి ఆవిడే చెప్పింది, "అన్నీ తీసేశాం. ఇంక జన్మలో ఏ ఇబ్బందీ ఉండదు," అని. బావ రెండు చేతులెత్తి దండం పెట్టాడు.

ఇంటికి పంపేటప్పుడు ఒక కాగితం ఇచ్చారు. ఇంగ్లీషులో ఉంది కాబట్టి బావ దాన్ని నాకిచ్చాడు. గర్భసంచితో పాటు రెండు పక్కలా ఉన్న అండాశయాలు కూడా తీసేసినట్టు అందులో రాసి ఉంది. చదివాను. అర్థమైంది కూడా. ఇతరులు రాసిన కాపీలో ఒక అక్షరం తప్పిపోతే పట్టుకుని దిద్దడం అప్పటికి ఆరేళ్లుగా నా ఉద్యోగం. ఒక పేరు తేడాగా కనిపిస్తే నాలుగు ఫోన్లు చేసేవాణ్ణి. ఆ కాగితం పట్టుకుని వెనక్కి తిరిగి, "ఇవి ఎందుకు తీశారమ్మా, ఇవి లేకపోతే ఏమవుతుంది?" అని ఒక్క మాట అడగలేదు. మడిచి అక్క సంచిలో పెట్టాను.

ఆ తర్వాత రెండు మూడేళ్లు అక్క నిజంగానే సంతోషంగా ఉంది. అది చెప్పకపోతే అబద్ధమవుతుంది. ముఖంలోకి రక్తం వచ్చింది. వసారాలో చాప పరిచే పనే లేకుండా పోయింది. మరుసటి ఏడు మేమంతా కలిసి మెట్ల దారిన కొండకు నడిచి వెళ్లాం. నేను గాలిగోపురం దగ్గర కూలబడితే, ఆమె పైమెట్టు మీద నిలబడి నవ్వింది.

"కుర్చీలో కూసోని రాసేవాళ్లు ఎక్కలేరు లేరా. మెల్లిగా రా. ప్రసాదం మిగిలిస్తాలే."

వీధిలో ఆడవాళ్లు సలహా కోసం ఆమె దగ్గరికి రావడం మొదలుపెట్టారు. ఎన్నాళ్లకు లేచినావు, నొప్పి ఎంత ఉండింది, ఏం తినాల అని అడిగేవాళ్లు. అక్క రాట్నం తిప్పుతూనే అందరికీ ధైర్యం చెప్పేది. "ఏమీ కాదే. నన్ను సూడు. ముందే తెలిసుంటే ఇంకా ముందే తీపించుకునేదాన్ని," అనేది. ఎంతమందికి చెప్పిందో నాకు తెలియదు.

తర్వాత ఆవిర్లు మొదలయ్యాయి. ఉన్నట్టుండి ఒళ్లంతా సెగ పుట్టి చెమట్లు కారేవి. చలికాలంలో కూడా విసనకర్ర పక్కన పెట్టుకునేది. మేనత్త అది పైత్యమని మజ్జిగ తాగించేది. ఆపరేషన్ తర్వాత పెట్టిన పథ్యం ఒక్కొక్కటీ సడలిస్తూ వచ్చినా, గుడ్డు, పాలు మాత్రం అక్క మళ్లీ ముట్టలేదు. గుడ్డు వేడి అన్నారు, పాలు చీము పట్టిస్తాయన్నారు. చారు నీళ్లు, ఊరిబిండి పచ్చడి, గుప్పెడు అన్నం. అంతే ఆమె భోజనం. బరువు మళ్లీ తగ్గింది. ముప్పై ఎనిమిదికి వచ్చింది. బావకు పాత మాటలే నవ్వులాటకు పనికొచ్చేవి.

ముప్పై ఏడు దాటిన ఏడు, వీధి కొళాయి దగ్గర కాలు జారి చేతి మీద పడింది. పెద్దగా పడింది కూడా కాదు, కూర్చున్నట్టుగా పడింది. మణికట్టు విరిగింది. మా వైపు ఎముక విరిగితే ఎవరూ ఆలోచించరు. కట్టు కట్టించుకోవడానికి పుత్తూరు బస్సెక్కడమే. నేనూ వెళ్లాను. కట్టు కట్టే పెద్దాయన ఆమె చెయ్యి తన ఒళ్లో పెట్టుకుని, కళ్లు మూసుకుని వేళ్లతో తడిమి చూసి, ఒక్క లాగులో ఎముకను సరిచేశాడు. ఆకు పసరు, గుడ్డు సొన పట్టించిన గుడ్డ చుట్టి, వెదురు బద్దలు పెట్టి బిగించాడు.

"ఏం తల్లీ, ఏం తింటావు నువ్వు?" అని అడిగాడు.

"అందరూ తినేదేనప్పా."

"అందరూ తినేది నువ్వు తింటా ఉంటే చెయ్యి ఇట్లుండదు. వయసెంత నీకు?"

చెప్పింది. ఆయన బావకేసి చూశాడు. "నాలుగు పదులు గూడా రాలేదు. అరవై దాటిన అవ్వల ఎముక మాదిరుండాది నా చేతికి. బాగా పెట్టప్పా ఈ బిడ్డకు."

"నేను పెట్టకనా? తినదు," అన్నాడు బావ.

ఎముకలు పట్టి చూసిన చేతులు అవి. ఏ యంత్రమూ లేకుండానే ఆయన కనిపెట్టాడు. ఎందుకలా ఉందో ఆయనకు తెలియదు. ఆ కారణం రాసి ఉన్న కాగితం చదివినవాణ్ణి నేను పక్కనే నిలబడి, కట్టు మీద నీళ్లు పడకూడదని ఆయన చెబుతున్న జాగ్రత్తలు వింటున్నాను.

చెయ్యి కొంచెం వంకరగా అతుక్కుంది. మెల్లగా నడుము దగ్గర నొప్పి మొదలైంది. చీర కుచ్చిళ్లు ఎక్కువగా దోపుకోవాల్సి వస్తోందని ఒకసారి నవ్వుతూ చెప్పింది. గూట్లో దీపం పెట్టడానికి ముక్కాలిపీట వేసుకునేది. అంతకు ముందు చెయ్యి చాపితే అందేది. "పొట్టిదైపోతా ఉండావేమే," అన్నాడు బావ. మేమంతా నవ్వాం. వెన్నుపూసలు ఒకదాని మీద ఒకటి కుంగుతుంటే మనిషి పొట్టి అవుతుందని మాకెవరికీ తెలియదు.

ఇదంతా నాకు ఒక్కసారిగా తెలిసింది చెయ్యి విరిగిన నాలుగేళ్లకు, తిరుపతిలో, ఒక కల్యాణ మండపంలో. ఆరోగ్యం వార్తలు చూసే విలేకరి సెలవులో ఉండి, ఉచిత ఎముకల పరీక్షా శిబిరానికి నన్ను వెళ్లమన్నారు. ఒక చిన్న యంత్రంలో మడమ పెట్టి ఎముక గట్టిదనం చూస్తున్నారు. ఆడవాళ్లు చెప్పులు విప్పి వరసలో కూర్చున్నారు. బయటి ఊరి నుంచి వచ్చిన ఒక పెద్ద డాక్టరు మైకు పట్టుకుని తెలుగులో ఓపికగా చెప్పాడు. ఆడవాళ్ల ఎముకలను కాపాడేది ఒక హార్మోను అని, అది అండాశయాల్లో తయారవుతుందని, ముట్లుడిగాక అది తగ్గి ఎముక పలచబడుతుందని అన్నాడు. నేను రాసుకుంటున్నాను. తర్వాత ఆయన ఇలా అన్నాడు: "చిన్న వయసులోనే అండాశయాలు తీసేసినవాళ్లకు యాభై ఏళ్లకు రావలసింది ముప్పైల్లోనే వస్తుంది. కాస్త ఒళ్లున్నవాళ్లకు కొవ్వులో అయినా ఆ హార్మోను కొంచెం తయారవుతుంది. సన్నగా ఉన్నవాళ్లకు అదీ ఉండదు. అలాంటివాళ్లు మీ ఇళ్లలో ఉంటే వెంటనే తీసుకురండి."

ఆ మాట సగం వరకే నా పుస్తకంలో ఉంది. మిగతా సగం రాయలేకపోయాను.

సభ అయ్యాక ఆయన్ను కలిశాను. వార్త కోసం వచ్చాననుకుని నవ్వుతూ కుర్చీ చూపించాడు. అక్క సంగతి చెప్పాను.

"ఎన్నో ఏట తీశారు?"

"ముప్పై ఒకటి."

"బరువు?"

"ముప్పై ఎనిమిది."

"ఇప్పటికి ఏవైనా విరిగాయా?"

"మణికట్టు. పొట్టి కూడా అయింది."

ఆయన నవ్వు ఆపేశాడు. తిరుపతిలో ఎవరికి చూపించాలో చీటీ మీద రాసిచ్చి, "ఈ వారమే తీసుకెళ్లండి. తుంటి విరగక ముందే," అన్నాడు.

ఆఫీసుకు వచ్చి శిబిరం వార్త రాశాను. పేజీలో అనుకోకుండా ఒక ప్రకటన వచ్చి పడింది. వార్త నాలుగు లైన్లు కొయ్యాలన్నారు. ఎవరెవరు వేదిక మీద కూర్చున్నారో ఆ పేర్లు కొయ్యకూడదు, వాళ్లు మర్నాడు ఫోన్ చేస్తారు. కోసింది నేనే. చిన్న వయసులో అండాశయాలు తీసేసిన సన్నటి ఆడవాళ్ల గురించి ఆ డాక్టరు చెప్పిన నాలుగు లైన్లే కోశాను. ఆ నాలుగు లైన్లు అచ్చయితే నగరిలో ఎవరైనా చదివి ఉండేవారా అని ఈ రోజుకీ అనుకుంటాను.

ఇంకో తప్పు అంతకంటే పెద్దది. అప్పుడు ఆగస్టు నెల. ఆ వారం నేను నగరి వెళ్లలేదు. పక్కింటికి ఫోన్ చేసి బావను పిలిపించి, "అక్కను ఒకసారి తిరుపతికి తీసుకురా బావా, ఒక మంచి డాక్టరున్నాడు, ఊరికే చూపిద్దాం," అన్నాను. దీపావళి సరుకు పూర్తిచేసి వస్తామన్నాడు. సరేనన్నాను. ఎందుకు తొందరో చెప్పలేదు. చెప్పాలంటే, ఆ రోజు ఆ కాగితం చదివాననీ, చదివి ఊరుకున్నాననీ చెప్పాలి. బ్రహ్మోత్సవాల పేజీల పని వచ్చింది. దీపావళి పోయింది. చీటీ నా మేజా సొరుగులోనే ఉండిపోయింది. పనులు లేక కాదు, పనుల వెనక దాక్కున్నాను.

మార్చిలో ఒక మధ్యాహ్నం అక్క రాట్నం ముందు నుంచి లేచి పక్కకు తిరిగింది. పడినందుకు విరగలేదు. తిరిగినప్పుడే లోపల ఏదో పుటుక్కుమన్నట్టు వినిపించిందని, ఆ తర్వాతే పడ్డానని చెప్పింది. చెయ్యి బాగుచేసిన ఆయన దగ్గరికే వెళ్దామని బావ జీపు మాట్లాడి పుత్తూరు తీసుకెళ్లాడు. కబురు అందగానే నేను తిరుపతి నుంచి నేరుగా అక్కడికే వెళ్లాను.

పెద్దాయన ఆమె రెండు పాదాలూ పక్కపక్కన పెట్టి చూశాడు. ఒక కాలు పొట్టిగా, పాదం బయటికి తిరిగి ఉంది. తుంటి మీద చెయ్యి వేశాడు. వేసిన చెయ్యి వెంటనే తీసేశాడు.

"ఇది నా పని కాదు నాయనా. తీసుకపోండి," అన్నాడు.

"అట్లంటే ఎట్లప్పా? చెయ్యి నువ్వే గదా బాగుచేసినావు," అన్నాడు బావ.

"చెయ్యి వేరే. ఇది కట్టుకు నిలిచేది కాదు. నేను కట్టి పంపిస్తే మీకు బాగుంటాది, రెండు నెల్లు పోయినాక ఈ బిడ్డ నన్ను తిడతాది. ఆపరేషన్ చేసేతావుకు తీసుకపోండి. ఈడ నిలబడి పొద్దు పోగొట్టుకోవద్దు."

బావ ఆయన కాళ్లు పట్టుకోబోయాడు. ఆయన వెనక్కి జరిగి, లోపలికెళ్లి ఒక పొడుగాటి చెక్క తెచ్చి, కాలు కదలకుండా గుడ్డలతో కట్టి, జీపులోకి ఎత్తడానికి తానూ ఒక చెయ్యి వేశాడు. "ఏం బరువు లేదే తల్లీ," అన్నాడు. అక్క పళ్లబిగువున నొప్పి ఓర్చుకుంటూనే, "అదేనప్పా నా రోగం," అంది.

తిరుపతిలో ఒక ఆసుపత్రిలో చేర్చాం. తూచితే ముప్పై నాలుగు. రక్తం తీసి మద్రాసు పంపించారు. ఆపరేషన్ చేసిన ఎముకల డాక్టరు బావనూ నన్నూ తన గదికి పిలిచాడు. స్క్రూలు బిగిస్తే పట్టు దొరకలేదని, ఎలాగో నిలబెట్టామని చెప్పాడు. మద్రాసు నుంచి వచ్చిన రిపోర్టు ముందు పెట్టుకుని అడిగాడు.

"ఈమెకు హార్మోను దాదాపు లేదు. ఓవరీలు రెండూ తీసేశారా?"

"సంచి తీసినారు సార్," అన్నాడు బావ.

"సంచి ఒక్కటే తీస్తే ఇలా రాదు. పాత కాగితాలున్నాయా?"

"మా బామ్మర్దికి తెలుసు. ఆ కాగితం సదివింది వాడే."

ఇద్దరూ నాకేసి చూశారు. రెండూ తీశారని చెప్పాను. ఆ రోజు నుంచి బావ నన్ను పేపరాయనా అని పిలవలేదు. డాక్టరు ముందున్న సంగతి చెప్పాడు. మూడు నెలల్లోపు ఆమెను నిలబెట్టి నడిపించాలి. అందుకు కండ పట్టాలి, బరువు పెరగాలి. లేకపోతే మంచమే.

అక్కకు నేనే చెప్పాలని నిశ్చయించుకున్నాను. మరుసటి మధ్యాహ్నం బావ మంచం పక్క స్టూలు మీద బత్తాయి ఒలుస్తుంటే, మొదటినుంచీ అన్నీ చెప్పాను. కాగితం సంగతి, శిబిరం, చీటీ. ఆమె కళ్లార్పకుండా విన్నది.

"అది తీసేస్తే ఎముకలు పోతాయా?"

"పోతాయక్కా."

"నీకు ఎప్పుడు తెలిసినాది?"

"ఆగస్టులో."

ఆమె వేళ్ల కణుపుల మీద నెలలు లెక్కపెట్టింది. నామీద కోపం తెచ్చుకోవడానికి లెక్కపెడుతోందనుకున్నాను. ఆమె నన్ను చూడటం లేదు, బావను చూస్తోంది.

"పాపకు ఎప్పుడు చేయించినాం మనం?"

బావ చేతిలో బత్తాయి అలాగే ఉండిపోయింది. "జనవరిలో," అన్నాడు.

పాప అంటే అక్క కూతురు. పద్దెనిమిదేళ్లకే పెళ్లయి, ఇద్దరు బిడ్డలతో పుత్తూరు దగ్గర అత్తగారింట్లో ఉంటోంది. దానికీ తల్లి ఒళ్లే, తల్లి బాధే వచ్చిందట. జనవరిలో సంచి తీయించారు. ఇరవై నాలుగేళ్లు. ఆడవాళ్ల సంగతి కదా అని నాకు చెప్పలేదు.

"దానికి నేనే చెప్పినా గదరా," అంది అక్క. "బయపడతా ఉంటే నేనే కూడా పోయినా. నన్ను సూడు, ఏమైంది నాకు అని చెప్పినా." మళ్లీ తనే అంది, "నువ్వు ఆగస్టులో చెప్పింటే పాప మిగిలిండేది."

తిట్టినట్టుగా అనలేదు. లెక్క సరిచూసి చెప్పినట్టు అంది.

పాపను పిలిపించాం. వచ్చిన రోజే రక్తం ఇప్పించాం. డాక్టరు ఆ రిపోర్టు చూసి, పక్కనే అక్క రిపోర్టు పెట్టి, రెండింటినీ నా వైపు తిప్పాడు. పాపకూ రెండు అండాశయాలూ తీసేశారని ఆయన వివరించనవసరం లేకపోయింది. మాత్రలు రాసిచ్చాడు. ఇంకా ఎముక పోలేదు, ఇప్పుడు మొదలుపెడితే చాలావరకు కాపాడొచ్చు, కానీ ఒళ్లు చెయ్యాలి, జీవితమంతా జాగ్రత్తగా ఉండాలి అన్నాడు. పాప బరువు నలభై.

అక్కను నగరికి తీసుకొచ్చాం. పాప బిడ్డలతో వచ్చి తల్లి దగ్గరే ఉంది. ఒక కుర్రడాక్టరు వారానికి రెండుసార్లు వచ్చి అక్కను వాకరు పట్టించి నిలబెట్టేవాడు. మొదటిసారి ఆమె ఇరవై అంకెలు లెక్కపెట్టేంత సేపు నిలబడింది. మేనత్త ఏడ్చింది. రెండో నెల వచ్చేసరికి అక్క ఆ వాకరు మీద ఆశ వదిలేసినట్టు నాకు అనిపించింది. ఆయన వస్తే నిలబడేది, వెళ్తే మళ్లీ ప్రయత్నించేది కాదు. ఆమె పట్టుదలంతా ఇంకోచోటికి పోయింది.

రోజూ మూడుపూటలా పాపను తన మంచం పక్కన కూర్చోబెట్టి తినిపించేది. పదేళ్లపాటు గుడ్డు ముట్టని మనిషి, గుడ్లు ఉడకబెట్టించి లెక్క పెట్టి ముందు పెట్టించేది.

"ఇంకొకటి తిను."

"నా వల్ల కాదుమా. నువ్వు తిను."

"నాకెందుకే, నేనేమన్నా పరిగెత్తబోతానా? నువ్వు తిను. ఆ పాలు కూడా తాగు. నేను సూస్తా ఉండా."

"నన్ను పందిని మేపినట్టు మేపతా ఉండావు."

"పందికి ఎముకలు గట్టిగా ఉంటాయి. తాగు."

నవ్వేవాళ్లు ఇద్దరూ. పాప తింటున్నంతసేపూ అక్క నోరు కొంచెం తెరుచుకుని, ఆ ముద్దతో పాటే కదిలేది. తన పళ్లెంలో అన్నం అలాగే ఎండిపోయేది. ఎంత బతిమాలినా రెండు ముద్దల కంటే ఎక్కువ తినేది కాదు. తిన్నా ఒంటికి పట్టే దశ దాటిపోయిందని డాక్టరు నాతో చెప్పాడు. మూడో నెల ముగిసింది. ఆమె నడవలేదు. వానలు మొదలయ్యాక ఎదలో కఫం చేరింది. పడుకుని ఉన్నవాళ్లకు అది మామూలే అన్నారు. నాలుగు రోజుల జ్వరంలో పోయింది. పోయేముందు రోజు ఉదయం కూడా, పాప ఏం తిన్నదని అడిగింది. మేనత్త అబద్ధం చెప్పింది, రెండు గుడ్లు తిన్నదని.

పదమూడు రోజులు అయ్యాక పాపను వాళ్లింట్లో దింపి రావడానికి నేనే వెళ్లాను. బస్సు పుత్తూరులో ఆగింది. ఆ బస్సు మెట్టు ఎత్తు. నేను సంచులు తీసుకుని ముందు దిగి చెయ్యి అందించేలోపే, పాప చంకలో చిన్నదాన్ని పెట్టుకుని ఒక్క గెంతులో కిందికి దూకింది. నా చేతిలో సంచి జారిపోయింది.

"మెల్లిగా దిగరాదా," అని గట్టిగా అరిచాను. చుట్టూ ఉన్నవాళ్లు తిరిగి చూశారు.

పాప నవ్వింది. "ఏం కాదులే మామా. నాకేమైంది," అంది.

నేను ఆమె ముఖం చూడటం లేదు. కాళ్లకేసి చూస్తున్నాను. పెద్దదాని చెయ్యి పట్టుకుని ఆమె వడివడిగా ఊరి వైపు నడిచింది. ఆ రోజు నుంచి ఇప్పటిదాకా ఆమె నడిచేటప్పుడు నేను వెనకే ఉంటాను.